ఎంటర్ నొక్కే ముందు ఒక వాక్యం

మా కోనసీమలో పేర్లు పొడుగు. ఇంటిపేరు, తాత పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, వీలైతే అమ్మవారి పేరు కూడా కలిస్తే గానీ నామకరణం పూర్తి కాదు. ఇంజనీరింగ్ ఎంట్రన్సు ఫారం నింపిన రోజు నా పేరుకు గడులు చాల్లేదు. ఎక్కడ ఆపాలో తెలియక, మిగిలిన నాలుగక్షరాలూ కింది వరసలో తండ్రి పేరు రాయాల్సిన గడుల్లోకి తోసేశాను. నాన్న పేరు వాటి వెనకాల సర్దుకుంది. హాల్‌టికెట్టు వచ్చేసరికి మా నాన్న పేరు నా పేరు తోకతో మొదలవుతోంది. దిద్దించుకోవడానికి రెండుసార్లు హైదరాబాదు బస్సెక్కాల్సి వచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత ‘బఫర్ ఓవర్‌ఫ్లో’ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు ఆ ఫారమే కళ్ళ ముందు మెదిలింది. ప్రోగ్రాము మీ పేరు కోసం 64 గడులు పెట్టుకుంది. మీరు వంద అక్షరాలిచ్చారు. ఆపేవాడు లేడు. 65వ అక్షరం పక్క గడిలో పడింది. కాకపోతే మెమరీలో ఆ పక్కన ఉండేది తండ్రి పేరుకన్నా కీలకమైనది: ‘ఈ పని అయ్యాక తిరిగి ఎక్కడికి వెళ్ళాలి’ అని ప్రాసెసరు రాసి పెట్టుకున్న చీటీ. రిటర్న్ అడ్రస్ అంటారు దాన్ని. ఆ చీటీ మీద మన రాత పడిందంటే ప్రాసెసరు మనం చెప్పిన చోటికే పోతుంది. దానికి మొహమాటం లేదు, అనుమానమూ లేదు. ఇలాంటి తప్పు ఎంత దూరం పోగలదో చేసి చూపించే చిన్న ప్రోగ్రామే ఎక్స్‌ప్లాయిట్.

ఈ మాత్రం అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. చేతికి రావడానికి మాత్రం ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఎందుకు పడుతుందో, చాలామంది మూడో నెలలోనే ఎందుకు వదిలేస్తారో నాకు అమీర్‌పేటలో ఒక కుర్రాడి దగ్గర తెలిసింది.

కొన్నాళ్ళు శని, ఆదివారాల్లో అక్కడొక చిన్న గదిలో పదిమందికి ఈ విద్య నేర్పాను. అందులో ఒక తమ్ముడు ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చునేవాడు. చూడని వీడియో లేదు, లాప్‌టాప్‌లో దాచుకోని పీడీఎఫ్ లేదు. ఒకరోజు దగ్గరికొచ్చి, “అన్నా, ఈ స్క్రిప్టు వీడియోలో పని చేసింది, నా సిస్టమ్‌లో చెయ్యట్లేదు” అన్నాడు.

“ఏం జరుగుతుందనుకున్నావు?” అన్నాను.

“షెల్ వస్తుందనుకున్నా.”

“అది ఆఖర్న. ఎంటర్ నొక్కగానే ముందు ఏం జరుగుతుంది?”

మాట్లాడలేదు.

“నువ్వు పంపిన వాటిలో 73వ బైటు ఎక్కడ పడుతుంది?”

దానికీ మాట్లాడలేదు. తెలివితక్కువవాడు కాదు. అతను ఏమీ అనుకోకుండా ఎంటర్ నొక్కాడు. అనుకోనివాడికి తప్పు ఎక్కడ జరిగిందో ఎలా తెలుస్తుంది? ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని తెర మీద పడింది, అంతే.

మా అమ్మ అరిసెలకి పాకం పట్టేటప్పుడు గిన్నెలో నీళ్ళు పోసి అందులో చుక్క పాకం వేసి చూసేది. వెయ్యబోయే ముందు “ఇంకా ముదరలేదు” అనో “ఇప్పుడు ఉండ కడుతుంది” అనో పైకి అనేది. తర్వాతే వేలితో నొక్కేది. ఎవరికి చెబుతోందో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. పక్కింటావిడ అదే బెల్లం, అదే గిన్నె, అదే పొయ్యి, అయినా ఏటా అరిసెలు రాళ్ళే. ఆవిడ కూడా పాకం నీళ్ళలో వేసేది. కాకపోతే ముందు ఏమీ అనేది కాదు.

ఆ రోజు ఆ తమ్ముడి చేత కింద కిరాణా కొట్లో ఒక రూళ్ళ పుస్తకం కొనిపించాను. ప్రతి పేజీకీ నడిమధ్య గీత కొట్టమన్నాను. ఎడమవైపు ‘అనుకున్నది’, కుడివైపు ‘అయింది’. ఎడమవైపు ఒక వాక్యం రాయకుండా ఎంటర్ నొక్కకూడదు. నా పద్ధతంతా ఇదే. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఆ గీతకు అటూ ఇటూ ఏం రాయాలన్నదే.

తప్పు లెక్కకు పెద్ద ఉదాహరణ

ఈ విద్యలో అందరూ చెప్పుకునే మొదటి కథ 1988 నవంబరు 2న జరిగింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక పురుగును ఇంటర్నెట్ మీదికి వదిలాడు. తనంతట తాను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకే ప్రోగ్రామన్నమాట. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీసు. ఆ సర్వీసు వచ్చిన వరసను చదవడానికి 512 బైట్ల చోటు పెట్టుకుని, గెట్స్ అనే సీ ఫంక్షన్‌ని పిలిచేది. ఎంత చదవాలో గెట్స్‌కి ఎవరూ చెప్పరు, చెప్పే వీలే లేదు. లైను అయిపోయేదాకా చదువుతూనే పోతుంది. నా ఫారం కథే.

ఇందులో రెండు అంచనాలు తప్పాయి. ఫింగర్ రాసినవాళ్ళు ‘512 దాటి ఎవడు పంపుతాడు’ అనుకున్నారు. ఇది అందరూ చెప్పేదే. రెండోది మోరిస్ సొంత అంచనా. ఒక యంత్రంలో పురుగు ముందే ఉంటే కొత్తది తప్పుకోవాలి. అయితే ‘నేనున్నాను’ అని ఎవరైనా దొంగ జవాబు పెట్టి దాన్ని ఆపేస్తారేమోనని, ఏడింట ఒకసారి ఆ జవాబును పట్టించుకోకుండా ఉండిపొమ్మని రాశాడు. ఏడింట ఒకటి చిన్నదే అనుకున్నాడు. ఒక్కో యంత్రంలో పురుగులు పోగుపడి యంత్రాలు కదల్లేని స్థితికొచ్చాయి. దెబ్బతిన్న యంత్రాలు దాదాపు 6,000 అని అప్పటి అంచనా. ఇంకో తమాషా: ఫింగర్ దారిలో వాడిన కోడు వ్యాక్స్ యంత్రాలకు మాత్రమే రాసింది. సన్ యంత్రాల మీద అదే దెబ్బ వేస్తే లోపలికి పోలేదు, ఫింగర్ ఊరికే కూలిపోయింది. ప్రాసెసరు మారితే చీటీ ఉండే చోటూ మారుతుంది, చీటీ మీద రాయాల్సిన భాషా మారుతుంది.

1990లో అతనికి మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. తర్వాత ఎంఐటీలో ప్రొఫెసరయ్యాడు. ఆ రెండో వాక్యం మాత్రమే గుర్తు పెట్టుకునే కుర్రాళ్ళని చాలామందిని చూశాను.

గెట్స్‌ని సీ భాష ప్రమాణం నుంచి 2011లో తీసేశారు. పురుగు తర్వాత 23 ఏళ్ళకి.

మొదటి వారం: మీ తప్పు మీరే రాసుకోండి

ఎవరో తయారుచేసిన చిక్కుముడి విప్పడంతో మొదలుపెట్టకండి. తప్పున్న ప్రోగ్రాము మీరే రాయండి. వర్చువల్ మెషీన్‌లో లినక్స్ పెట్టుకోండి, స్నాప్‌షాట్ తీసుకోండి, ఏం పాడైనా వెనక్కి రావచ్చు. సీలో పదిహేను లైన్లు చాలు: 64 బైట్ల బఫర్ ఉన్న ఒక ఫంక్షన్, అందులోకి రీడ్‌తో 200 బైట్లు చదవడం. ఇంకో ఫంక్షన్‌కి ‘గెలుపు’ అని పేరు పెట్టండి. అది షెల్, అంటే మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రాము, తెరుస్తుంది, కానీ ఆ ఫంక్షన్‌ని ప్రోగ్రాములో ఎవరూ పిలవరు. పిలవని ఆ ఫంక్షన్‌లోకి ప్రాసెసరుని పంపడమే మీ పని. కంపైల్ చేసేటప్పుడు స్టాక్ కాపలా తీసెయ్యమని, ప్రోగ్రాముని ఎప్పుడూ ఒకే అడ్రసులో పెట్టమని కంపైలర్‌కి చెప్పండి. ఈ కాపలాల సంగతి తర్వాత.

ఇప్పుడు పుస్తకం తెరవండి. ఎన్ని బైట్ల తర్వాత చీటీ వస్తుంది? దాదాపు అందరూ ఎడమవైపు ‘64’ అని రాస్తారు. కుడివైపు 72 వస్తుంది. బఫర్‌కీ చీటీకీ మధ్య, పిలిచిన ఫంక్షన్ తాలూకు బేస్ పాయింటర్ 8 బైట్లు కూర్చుని ఉంది. ఇదే సంగతి వీడియోలో చెబితే తల ఊపేస్తారు. 64 అని సొంత చేతిరాతతో రాసి ఓడినవాడు ఆ 8ని మర్చిపోడు.

తర్వాత అసలు చిక్కు. అందరూ పాత వ్యాసాల్లో చదివి, ‘ఏ’ అక్షరాలు వంద పంపితే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌లో 41414141 కనిపిస్తుందనుకుంటారు. పెద్దక్షరం ‘ఏ’ విలువ హెక్స్‌లో 41. 1996లో ఫ్రాక్ పత్రిక 49వ సంచికలో అలెఫ్ వన్ రాసిన స్టాక్ వ్యాసం ఒక తరానికి ఈ విద్య నేర్పింది. అది 32 బిట్ల కాలం. మీ దగ్గరున్నది 64 బిట్ల యంత్రం. జీడీబీ అనే డీబగ్గర్‌లో నడిపి చూస్తే ప్రోగ్రాము కూలుతుంది గానీ పాయింటర్‌లో 41లు ఉండవు, ‘రెట్’ అనే ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే నిలబడి ఉంటుంది. చాలామంది ఇక్కడే ‘నా ఓవర్‌ఫ్లో చీటీదాకా చేరలేదు’ అని తేల్చుకుని, వందను రెండొందలు చేసి, రెండొందలను అయిదొందలు చేసి రాత్రి తెల్లవారుస్తారు.

చేరింది. ఎనిమిది 41లతో తయారైన అడ్రసు ఈ ప్రాసెసరు దృష్టిలో అసలు అడ్రసే కాదు. మామూలు 64 బిట్ల యంత్రం అడ్రసులో కింది 48 బిట్లే వాడుకుంటుంది, పైవన్నీ 48వ దాన్నే అనుసరించాలి. అలా లేని అడ్రసుని పాయింటర్‌లోకి ఎక్కించకముందే ప్రాసెసరు ఎదురు తిరుగుతుంది. స్టాక్ పాయింటర్ చూపించే చోట చూడండి, మీ 41లు అక్కడే ఉంటాయి. 72 ‘ఏ’ల తర్వాత ఆరే ఆరు ‘బీ’లు పెట్టి పంపండి. చీటీలో పై రెండు బైట్లు అంతకుముందే సున్నాలు కాబట్టి, ఇప్పుడది సరైన రూపంలో ఉన్న అడ్రసు. పాయింటర్‌లో 42లు ఆరు వరసగా కనిపిస్తాయి. కనిపించకపోతే ఒకటి చూసుకోండి: ‘బీ’ల వెనకాల ఎంటర్ గుర్తు కూడా లోపలికి పోయిందేమో. రీడ్ దాన్ని కూడా మామూలు బైటులాగే మింగేస్తుంది.

ఈ ఒక్క పేజీకి నేను మూడు గంటలు ఇచ్చేవాణ్ణి. ఎవరైనా అరగంటలో ముగిస్తే అనుమానం వచ్చేది.

గెలుపు అడ్రసు 401156 అయితే దాన్ని పంపేటప్పుడు 56 ముందు, 11 తర్వాత, 40 ఆ తర్వాత. ఇంటెల్ యంత్రాలు చిన్న వైపు నుంచి రాస్తాయి. ఇది ఒకసారి తప్పు రాస్తే వచ్చేస్తుంది, దీనికి పాఠం అక్కర్లేదు.

గెలిచి కూడా ఓడినట్టు కనిపించే చోటు ఇంకోటి ఉంది. పంపాల్సిన ఆ బైట్ల వరసని, అంటే పేలోడ్‌ని, పైపుతో ప్రోగ్రాముకి ఎక్కిస్తారు. అంతా సరిగ్గానే ఉంటుంది, షెల్ తెరుచుకుంటుంది. పైపులో ఇంక చదవడానికి ఏమీ లేదు గనుక ఆ షెల్ వెంటనే మూసుకుపోతుంది. మీకు తెర మీద ఏమీ కనిపించదు. ఎడమవైపు ‘షెల్ వస్తుంది’ అనీ కుడివైపు ‘ఏమీ కాలేదు’ అనీ రాసి, పేలోడ్ అంతా మళ్ళీ మొదటి నుంచి తవ్వుకుంటారు. కుడివైపు రాయాల్సింది ‘నాకు ఏమీ కనిపించలేదు’ అని. ‘కాలేదు’కీ ‘కనిపించలేదు’కీ మధ్య నేను ఒక శనివారమంతా పోగొట్టుకున్నాను. పేలోడ్ వెళ్ళాక కూడా కీబోర్డు పైపుకి తగులుకుని ఉండేలా వెనకాల ఇంకో ‘క్యాట్’ కమాండ్ పెడితే తీరిపోయేది.

పక్కవాడి పేజీ ఎప్పుడు చూడాలి

సాధన చేసుకోవడానికి చోట్లకు కొదవలేదు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళ పౌన్ కాలేజ్ ఉచితం, మెట్లు మెట్లుగా ఉంటుంది. నా ఓటు దానికే. బొత్తిగా కొత్తవాళ్ళకి కార్నెగీ మెలన్ వాళ్ళ పికోసీటీఎఫ్. మన దేశంలో అమృత విశ్వవిద్యాపీఠం విద్యార్థుల జట్టు బయోస్ నడిపే ఇన్‌సీటీఎఫ్ పేరున్న పోటీ. పుస్తకమే కావాలంటే జాన్ ఎరిక్సన్ రాసింది 2008 నాటి రెండో కూర్పు, ఇప్పటికీ పనికొస్తుంది. అయితే అదీ 32 బిట్లదే. కోడుని విప్పి చదవడానికి గిడ్రా ఉంది. అమెరికా ఎన్ఎస్ఏ సంస్థ 2019లో దాన్ని ఉచితంగా బయటపెట్టింది. సర్టిఫికెట్ల సంగతి చివర్న ఆలోచించండి. వాటిలో కొన్నిటి పరీక్షలు గంటల తరబడి యంత్రం ముందు కూర్చోబెడతాయి, అక్కడ పుస్తకంలో గీత కొట్టినవాడే నిలబడతాడు.

ఈ చోట్లన్నిటికీ ఒకే తెగులు. ప్రతి లెక్కకీ ఎవడో ఒకడు జవాబు రాసి పెట్టేశాడు. దానికి తోడు ఇప్పుడు చాట్‌బాట్‌ని అడిగితే స్క్రిప్టు మొత్తం చేతిలో పెడుతుంది. చూడొద్దని చెప్పను. నేనూ చూస్తాను. చూసేముందు పుస్తకంలో ఒక ప్రశ్న రాసుకుంటాను, దానికి జవాబు దొరకగానే పేజీ మూసేస్తాను. ‘ఇది ఎలా చెయ్యాలి’ అన్నది ప్రశ్న కాదు. ‘బఫర్‌కి వెనకాల ఉన్న ఈ 16 బైట్లు ఏమిటి’ అన్నది ప్రశ్న. అలాంటి ప్రశ్న ఒకటి రాయలేకపోతున్నారంటే మీరింకా చూడాల్సినంత ఇరుక్కోలేదు.

చూసి రాసిన స్క్రిప్టు ఏదైనా సరే, మర్నాడు ఖాళీ ఫైలు నుంచి మళ్ళీ రాయాలి. రానిచోట ఆగి, మళ్ళీ చూసి, మూడో రోజు మళ్ళీ. మా గదిలో దీన్ని ఎక్కాలు అప్పజెప్పడం అనేవాళ్ళు.

ఇద్దరు కలిసి కూర్చుంటే ఇంకా మంచిది, కానీ ఒకే కీబోర్డు ఉండాలి. ఒకరు టైపు చేస్తారు, రెండోవారు “ఇప్పుడేమవుతుంది చెప్పు” అని అడుగుతారు. ఇద్దరికీ చెరో లాప్‌టాప్ ఉంటే పక్కపక్కన కూర్చున్న ఒంటరివాళ్ళే.

గుమ్మం ఎక్కడుంది

మా గదికి వచ్చే ఒక విద్యార్థి, రెండో నెలలో అనుకుంటా, తన కాలేజీ ఫీజుల సైటు మీద చెయ్యి చేసుకున్నాడు. దొంగతనం ఉద్దేశం లేదు, ‘పని చేస్తుందా’ అని చూశాడట. పని చేసింది. ప్రిన్సిపాల్ గదిలో వాళ్ళ నాన్న చేతులు కట్టుకుని నిలబడాల్సొచ్చింది. ఆ సంవత్సరం పరీక్షలు పోయాయి.

2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి పోవడమే నష్టపరిహారానికి దారి. దురుద్దేశంతోనో మోసంతోనో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ళదాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘నేర్చుకోవడానికి చేశాను సార్’ అన్న మాటకి పోలీస్ స్టేషన్‌లో విలువెంతో ఆ తండ్రిని అడగాలి. మీ వర్చువల్ మెషీన్ మీ ఇల్లు. పోటీవాళ్ళు పెట్టిన సర్వర్ పిలిచిన పేరంటం. తప్పు పట్టిస్తే బహుమతిచ్చే బగ్ బౌంటీ కార్యక్రమాలు ఏ గదిదాకా రావచ్చో రాసి ఇస్తాయి, ఆ రాతని ఒకటికి రెండుసార్లు చదవండి. ఎక్కడైనా అనుకోకుండా తప్పు కంటపడితే ఆ సంస్థకో, కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కో తెలపండి. ‘ఎంత లోపలికి పోతుందో చూద్దాం’ అని ఇంకో అడుగు వెయ్యకండి.

అయితే మరి ఈ విద్య ఎవరికి? కాపలా కాసేవాళ్ళకి. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే భాగంలో ఒక 32 బిట్ల కొలతను సరిచేసేటప్పుడు 16 బిట్లే తాకడం దాని మూలం. మళ్ళీ గడుల లెక్కే. మైక్రోసాఫ్ట్ ఆ తప్పుని దిద్ది మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది. దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఎన్ని ఆఫీసుల్లో ‘వచ్చే వారం చూద్దాం’ అనుకున్నారో! ప్యాచ్ నోటీసులో ‘రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్’ అన్న మూడు మాటలు చదివి వెన్నులో చలి పుట్టాలంటే, ఒక్కసారైనా మన చేత్తో మన చీటీ మీద మనం రాసి ఉండాలి.

తాళాలు ఒక్కొక్కటీ

మొదటి వారంలో కాపలాలు తీసేశాం. ఇప్పుడు అవి వచ్చిన వరసలోనే తిరిగి పెట్టండి. 1998లో స్టాక్‌గార్డ్ తెచ్చిన ఆలోచన కానరీ. పూర్వం బొగ్గుగనుల్లోకి విషవాయువు పసిగట్టడానికి తీసుకెళ్ళిన పిట్ట పేరది. చీటీకి ముందు ఒక రహస్య సంఖ్య పెడతారు. ఫంక్షన్ ముగిసేటప్పుడు ఆ సంఖ్య మారిందంటే మధ్యలో ఎవరో తొక్కుకుంటూ వచ్చారని అర్థం, ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. 64 బిట్ల లినక్స్‌లో ఆ ఎనిమిది బైట్లలో మొట్టమొదటిది ఎప్పుడూ సున్నా. ఎందుకో ఎడమవైపు రాయండి. ఒక సూచన ఇస్తాను: సీలో పదం ఎక్కడ ముగుస్తుందో ప్రోగ్రాముకి ఏ గుర్తు చెబుతుంది?

తర్వాత అడ్రసులు ప్రతిసారీ మార్చేసే ఏఎస్ఎల్ఆర్, 2001లో పాక్స్ జట్టు లినక్స్‌కి చేసింది. డేటా ఉన్న చోట కోడు నడవకుండా చేసే డీఈపీని విండోస్ ఎక్స్‌పీకి 2004లో రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇచ్చారు. మన కోడు నడవనివ్వకపోతే వాళ్ళ కోడు ముక్కల్నే మాలకట్టి నడిపించవచ్చని హోవావ్ షాకమ్ 2007లో పద్ధతిగా చూపించాడు. ఆర్‌ఓపీ అంటారు. ఒక్కో తాళం వేసి, నిన్న పని చేసిన స్క్రిప్టునే మళ్ళీ నడపండి. ఎక్కడ ఆగుతుందో ముందే రాయండి. మీరు రాసిన చోటే ఆగితే ఆ తాళం మీకు అర్థమైనట్టు. తెరవడం తర్వాత, ఆగే చోటు చెప్పడం ముందు.

ఇక్కడే ఇంకో మోసం కాచుకుని ఉంటుంది. జీడీబీలో పని చేసిన ఎక్స్‌ప్లాయిట్ ఒక్కోసారి బయట పని చెయ్యదు. జీడీబీ మామూలుగా అడ్రసుల కలగాపులగాన్ని ఆపేసి ప్రోగ్రాముని నడుపుతుంది. పైగా తెర పొడవు వెడల్పులను ఎన్విరాన్‌మెంట్‌లోకి చేరుస్తుంది. అవి స్టాక్ పై భాగంలోనే కూర్చుంటాయి కాబట్టి మీ బఫర్ కొన్ని బైట్లు అటో ఇటో జరుగుతుంది. కొలబద్ద పెట్టగానే కొలిచే వస్తువు జరిగినట్టు. మొదటిసారి ఇది తగిలినప్పుడు నేను లాప్‌టాప్ మూసి బయటికెళ్ళి రెండు టీలు తాగాను. అదీ ఒక పద్ధతే.

ఇదంతా వచ్చాక ఇతరుల కోడు చదవడం మొదలవుతుంది. అక్కడ ఓపికకి కొలత లేదు. లినక్స్‌లో అందరూ రోజూ వాడే సుడోలో ఒక హీప్ ఓవర్‌ఫ్లో 2011 జూలైలో చేరింది. క్వాలిస్ సంస్థ పరిశోధకులు 2021 జనవరిలో బయటపెట్టేదాకా అక్కడే ఉంది. ఇచ్చిన మాట చివర ఒంటరిగా ఒక బ్యాక్‌స్లాష్ ఉంటే, దాని వెనకాల ఇంకో అక్షరం తప్పకుండా ఉంటుందనుకుని ఆ కోడు హద్దు దాటిపోయేది. అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. ఆ గీతకు ఎడమవైపు రాసినవాడు ఈసారి ప్రోగ్రామరు. తొమ్మిదిన్నరేళ్ళు కుడివైపు ఎవరూ చూడలేదు.

ఆ ముందు వరస తమ్ముడి సంగతి చెప్పాలి. పుస్తకం పెట్టిన అయిదో వారంలో ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు. మూడు రోజులుగా ఒకే పేజీ. ఎడమవైపు: ‘గెలుపులోకి వెళ్తుంది, షెల్ వస్తుంది.’ కుడివైపు: ‘వెళ్ళింది. రాలేదు.’

“వెళ్ళిందని ఎలా తెలుసు?”

“బ్రేక్‌పాయింట్ పెట్టానన్నా. ఆగింది అక్కడ.”

మొదటి రోజు 73వ బైటు ఎక్కడ పడుతుందో చెప్పలేని కుర్రాడే ఇతను.

“సరే, చివరికి ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర చచ్చిపోయింది?”

“సిస్టమ్ ఫంక్షన్ లోపల. మూవాప్స్ అని ఏదో.”

నాకు తెలుసు. ఉబుంటు 18.04 నుంచి వేలమంది పడ్డ గుంట అది. చెప్పెయ్యడానికి నాలుక దురద పెట్టింది. “ఇంటెల్ మాన్యువల్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్ పేజీ ఒక్కటి చదువు” అని ఊరుకున్నాను. గది వెనకాల గోడకి ఆనుకుని కింద కూర్చుని చదివాడు. మధ్యాహ్నం అందరూ బిర్యానీకి వెళ్ళొచ్చేసరికి ఎడమవైపు కొత్త వాక్యం ఉంది: ‘మూవాప్స్‌కి అడ్రసు 16తో భాగించబడాలి. నా స్టాక్ చివరి అంకె 8. కాల్‌తో రావాల్సిన చోటికి రెట్‌తో వచ్చాను, అందుకే 8 తేడా. గెలుపుకి ముందు ఇంకో రెట్ అడ్రసు పెడితే 8 జరుగుతుంది, సరిపోతుంది.’

ఎంటర్ నొక్కాడు. డాలరు గుర్తు వచ్చి కర్సర్ మిణుకుమంది.

గదిలో ఎవరో ఈల వేశారు. అతను తలెత్తలేదు. పెట్టిన ఆ ఒక్క రెట్‌నీ తీసేశాడు. ఎడమవైపు ‘పగులుతుంది, మళ్ళీ మూవాప్స్ దగ్గరే’ అని రాసి, మళ్ళీ ఎంటర్ నొక్కాడు.

పగిలింది.